గడ్డి చామంతి మీద నింద

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ అంకుల్ నా మొక్కల ఫొటో పెట్టారు. "ఇది వయ్యారిభామ. పిల్లలకు ఆయాసం వస్తుంది. ఆదివారం మందు కొట్టిస్తున్నాం" అని రాశారు. కింద వరసగా సరేనంటూ బొటనవేలి గుర్తులు. నా కూతురికి రెండేళ్లు. కాస్త దుమ్ము లేచినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ సంగతి బిల్డింగులో అందరికీ తెలుసు. కాబట్టి ఆ రాతకు అర్థం ఒక్కటే: పిల్ల ఆయాసానికి కారణం తల్లే.

గేటు పక్క ఖాళీ జాగాలో నేను పెంచింది గడ్డి చామంతి. చిన్నప్పుడు దీని ఆకుతో పలక తుడిచేవాళ్లం. పువ్వును "రావణాసురుని తలకాయ" అంటూ బొటనవేలితో ఎగరగొట్టేవాళ్లం. తార్నాక దాటి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్తే దారి పక్క బండల సందుల్లో, ఎవరూ నీళ్లు పోయకుండానే పూస్తుంది. నేను అక్కడే చదువుకున్నాను. ఆ పూల మీద వాలే సీతాకోకచిలుకలంటే పాపకు ప్రాణం. రోడ్డు దుమ్ములో రోజూ అంతదూరం తీసుకెళ్లలేక ఆ పూలనే ఇంటి ముందుకు తెచ్చుకున్నాను.

పెంచడం పెద్ద పనేమీ కాదు. పువ్వు ఎండి దూది బంతిలా విచ్చుకోగానే, గాలి ఎత్తుకుపోకముందే విత్తనాలు తుంచుకోవాలి. ఎర్రమట్టిలో గులకలాంటి మొరం కలిపి, పైపైన చల్లి, అరచేత్తో అద్దితే చాలు. మట్టి కప్పకూడదు. మొలిచేదాకా తడి ఆరనివ్వకూడదు, ఆ తర్వాత నేల బాగా ఎండితేనే నీళ్లు. ఎరువు వేస్తే ఆకు పెరుగుతుంది గానీ పూలు రావు. నిండుగా ఎండ తగలాలి. వదిలేస్తే వాకిలంతా పాకే మాట నిజమే. అందుకే విత్తనానికి ఒకటీ అరా ఉంచి, మిగతా వాడిన పూలన్నీ తుంచేసేదాన్ని.

ఆదివారం మందు డబ్బా వచ్చేసరికి మొక్కలకు అడ్డంగా నిలబడ్డాను.

"అంకుల్, వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకు లెక్క చీలి ఉంటది. పూలు చిన్నచిన్నగ, గుత్తులు గుత్తులు. దీనికి చూడండి, పొడుగు కాడకు ఒక్కటే పువ్వు, నడుమ పసుపు."

"రెండూ తెల్లగనే ఉన్నయి గదమ్మా. నీకు పిల్ల ముఖ్యమా, గడ్డి ముఖ్యమా?"

పై అంతస్తు ఆంటీ అందుకుంది. "అయినా రావణాసురుని తలకాయ ఇంటి ముంగట పెట్టుకుంటరా ఎవరన్న? ఏం చదువులమ్మా మీవి!"

ఊపిరి తీసేదానికేమో వయ్యారిభామ అని ముద్దుపేరు. ఏ పాపం తెలియనిదానికి రాక్షసుడి పేరు. పేరు చూసి శిక్ష వేసేవాళ్లకు ఆకు చూపించి ఏం లాభం?

నా మాట వినకుండానే మందు కొట్టారు. పాపను లోపలికి తీసుకెళ్లి కిటికీలన్నీ మూశాను. అయినా ఆ సాయంత్రం పాప దగ్గింది. మందు వాసనకని నేను, మొక్కల వల్లేనని వాళ్లు. పాప ఆడుకునే నేల మీద విషం చల్లి, పైగా నాకే జాగ్రత్తలు చెప్పారు.

అసలు వయ్యారిభామ ప్రహరీ అవతల, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ మోకాలెత్తు పెరిగింది. అది పూత పట్టకముందే పీకాలి, పట్టాక పుప్పొడి లేస్తుంది. ఇవాళ పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎడంగా ఉన్న మొక్కలను పీకడం మొదలుపెట్టాను. సెక్రటరీ అంకుల్ బాల్కనీలోంచి కేకేశారు.

"గది ఎందుకు పీకుతున్నవమ్మా? మంచిగ పచ్చగున్నది గదా!"

"వయ్యారిభామ అంకుల్ ఇది!"

"పూలే లేవు, గదెట్లయితది?"

నాకు ఒళ్లు మండిపోయింది. పూలొచ్చేదాకా ఆగితే రాత్రంతా కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడేది నా బిడ్డ, ఆయన కాదు. ఇంకో మొక్కను వేరుతో సహా లాగాను.