ఎవరూ ఖాళీ చెయ్యని ఇల్లు

సామాన్ల బాబాయి ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల ఇళ్ళు మోశాడు. ఇళ్ళంటే గోడలు కావు లెండి, గోడల మధ్య ఉండేవన్నీ. బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు, విడదీస్తే మళ్ళీ బిగించడం ఎవరికీ రాని సోఫాలు, పారెయ్యడానికి మనసొప్పక పదిళ్ళు తిప్పిన పగుళ్ళ కుండీలు. రెండు వ్యాన్లు, నలుగురు మనుషులు, తాళ్ళు, పాత దుప్పట్లు, అట్టపెట్టెలు. ఇదీ ఆయన వ్యాపారం. నిలువుటద్దాన్ని గీత పడకుండా ఐదంతస్తులు దించడంలో తనని మించినవాడు లేడనేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట నిజమే.

ఆ పనితోపాటు ఒక జబ్బు కూడా అంటుకుంది. నగరంలో ఏ పేట మంచిదో, ఏ బిల్డింగు చెడ్డదో తనకొక్కడికే తెలుసనుకోవడం. ఎవరైనా ఫ్లాటు కొంటున్నామంటే చాలు, అడిగినా అడక్కపోయినా తీర్పు చెప్పేసేవాడు. "అదా? పోయినేడు అందులోంచి ముగ్గుర్ని దించాను. మనుషులు నిలవని చోటండీ అది" అనేవాడు. లెక్క అంతే. ఎక్కువమంది ఖాళీ చేస్తే చెడ్డ ఇల్లు, ఎవరూ చెయ్యకపోతే మంచి ఇల్లు. వెళ్ళేవాళ్ళు ఎందుకు వెళ్తున్నారో మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళని చాలామందినే చూశాం గానీ, ఆ కుందేల్ని వ్యానెక్కించి ఊరంతా తిప్పినవాడు ఈయనొక్కడే.

ఆయన బాబాయి కాబట్టి ఆయన భార్య అందరికీ పిన్ని. పిన్ని కుట్టుపని చేసేది. స్కూలు యూనిఫాంలు, జిప్పులు, పొడుగైన ప్యాంట్లు కురచ చెయ్యడం, బిగుతైన నడుములు వదులు చెయ్యడం. పెళ్ళయినప్పట్నుంచి పదకొండు అద్దె ఇళ్ళు మారారు. చివరి నాలుగూ మార్కెట్ వెనక వీధిలోనే. అక్కడ ఆవిడ మిషన్ ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉండేది. రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి "పిన్నీ, మావాడి ప్యాంటు అయిందా?" అని కేకేసేవాళ్ళు. అయినా కాకపోయినా "సాయంత్రం రా" అనేది. పిల్లలు లేరు. ఆ వీధే ఆవిడకి పిల్లా జెల్లా.

లోకమంతటి సామానూ జాగ్రత్తగా మోసే మనిషి సొంత సామాను మాత్రం ఆదివారం పూట, ఒళ్ళు హూనమయ్యాక, ఎలాగోలా పడేసేవాడు. పదకొండో ఇంట్లో గిన్నెలు సర్దుతూ పిన్ని గోడకి చేరగిలబడి ఏడ్చింది. బాబాయికి గుండె చివుక్కుమంది.

"ఇంకొక్కసారి సర్దుకుందువుగాని. ఆ తర్వాత జన్మలో నువ్వు అట్టపెట్టె ముట్టుకోకుండా చేస్తాను. సొంతిల్లు కొందాం" అన్నాడు.

"కొంటే ఈ వీధిలోనే కొను" అంది పిన్ని.

వీధి మలుపులో మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు అమ్మకానికుంది. ఒక్కటే పడగ్గది, కానీ రోడ్డు వైపు పెద్ద కిటికీ. పిన్ని అప్పటికే రెండుసార్లు చూసొచ్చింది. బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"నాలుగేళ్ళలో ఆ బిల్డింగులోంచి ఏడు కుటుంబాల్ని దించానే. అక్కడ ఏదో ఉంది."

"ఎందుకెళ్ళారో అడిగావా?"

"అడిగేదేముంది? బాగుంటే ఎవరైనా వెళ్తారా?"

బాబాయి మనసులో ఉన్న ఇల్లు వేరే. ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన చోట, సందు చివర నాలుగంతస్తుల బిల్డింగు. పదహారు ఫ్లాట్లు. కట్టి ఇరవై ఏళ్ళు దాటినా అక్కడికి రమ్మని ఆయనకి ఒక్క పిలుపూ రాలేదు. తోటి వ్యాన్లవాళ్ళందర్నీ వాకబు చేశాడు. ఒక్కడు కూడా ఆ మెట్లెక్కానని చెప్పలేదు. "ఒక్క మంచం గడప దాటలేదంటే ఎంత సుఖంగా ఉన్నారో చూడు" అన్నాడు పిన్నితో. అందులో ఒక ముసలావిడ తన ఫ్లాటు అమ్మి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందని తెలిసి, రెక్కలు కట్టుకుని వాలిపోయాడు.

ఆవిడ చెప్పిన ధర తక్కువ. బాబాయి నోరు తెరవకముందే ఇంకాస్త తగ్గించింది. రెండు వ్యాన్లలో పెద్దది అమ్మేసి, దానికి పిన్ని పైసా పైసా దాచుకున్న కుట్టుకూలి మొత్తం కలిపి, అప్పు లేకుండా కొనేశాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజు రాసే గుమాస్తా కలం ఆపి "బ్యాంకు లోను ఏమీ లేదా?" అని అడిగాడు.

"అప్పు చేసే రకం కాదండీ మనం" అన్నాడు బాబాయి ఛాతీ విరిచి.

గుమాస్తా ఒకసారి ఆయన మొహంలోకి చూసి, మళ్ళీ రాసుకుపోయాడు. సంతకం పెడుతూ ముసలావిడ కళ్ళొత్తుకుంది. పాపం, ఇల్లంటే ఎంత మమకారమో అని బాబాయి మనసు కరిగిపోయింది. ఆవిడ సామాను ఊరికే మోసిపెట్టాడు కూడా.

"ఇక్కడ నా పని ఎలాగయ్యా?" అంది పిన్ని, కొత్తింటి కిటికీలోంచి చూసి. ఎదురుగా ఎత్తైన గోడ, దాని వెనక ఏదో గోడౌను.

"చెయ్యి మంచిదైతే మనుషులే వెతుక్కుంటూ వస్తారు" అన్నాడు.

రాలేదు. ప్యాంటు కురచ చేయించుకోవడానికి రెండు బస్సులు ఎవరు మారతారు? మొదట్లో పిన్నే వారానికి రెండుసార్లు పాత వీధికి వెళ్ళి, సంచీ నిండా బట్టలు తెచ్చి, కుట్టి, మళ్ళీ మోసుకెళ్ళేది. ఏడాదికి మోకాళ్ళు పట్టేశాయి. ఈలోగా ఆ వీధిలో ఇంకొకావిడ మిషన్ పెట్టింది. పిన్ని తన మిషన్ మీద దుప్పటి కప్పేసింది. బాబాయి అది చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

రెండో ఏడు వానలకి స్నానాలగది పైకప్పు కారడం మొదలైంది. పై అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు దగ్గరికి వెళ్ళాడు. రిటైరై పదేళ్ళయిన మనిషి, లుంగీలో పేపరు చదువుకుంటున్నాడు.

"మీ పైపు లీకండీ. చెరి సగం వేసుకుని బాగుచేయిద్దాం" అన్నాడు బాబాయి.

"ఎందుకండీ దండగ? ఎలాగూ కొట్టేస్తారుగా."

"ఏది కొట్టేస్తారు?"

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "పెద్ద రోడ్డు వస్తుందండీ, మన బిల్డింగు మధ్యలోంచి. ప్లానులో గీత గీసి పద్దెనిమిదేళ్ళయింది. వెయ్యరు, మానుకోరు. మీకు తెలియకుండానే కొన్నారా?"

బాబాయి "ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ ఖాళీ చెయ్యలేదు కదండీ, అంత బాగుంటుందేమోనని..." అని గొణిగాడు.

మాస్టారు నవ్వాడు గానీ అందులో సరదా లేదు. "ఎక్కడికి పోతామండీ? దీని మీద ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. లోను లేకుండా కొనేవాడెవడు? మీరొచ్చినప్పుడు అందరం ఆ ముసలావిడ చుట్టూ చేరి, ఈయన నీకెక్కడ దొరికాడమ్మా అని అడిగాం. నాలుగు డబ్బులు చేరినవాడు ఇల్లు మారతాడండీ. మనబోటివాళ్ళం ఉండిపోతాం."

మెట్లు దిగుతుంటే బాబాయికి మలుపు బిల్డింగులోంచి తాను దించిన ఏడు కుటుంబాలూ, సామాను దించుతుంటే వాళ్ళు మాట్లాడుకున్న మాటలూ వరసగా గుర్తొచ్చాయి. ఒకరికి ప్రమోషనొచ్చింది. ఒకరు ఇంకా పెద్ద ఇల్లు కొనుక్కున్నారు. ఒకరి పిల్లకి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. ఏడుగురిలో ఐదుగురు వ్యాను కదిలే ముందు ఆయన చేతిలో మిఠాయి పెట్టారు. మిఠాయి తిన్నాడే గానీ ఎందుకమ్మా అని అడగలేదు. ఆ ఇల్లు అచ్చొచ్చిన ఇల్లు. అక్కడ చేరినవాళ్ళు బాగుపడి వెళ్ళారు. తలుపు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాడు.

పిన్నికి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అమ్మకానికి పెట్టు" అంది, అంతే.

ఏడాదిన్నర పాటు ఎవరూ రాలేదు. చివరికి బ్రోకరు ఒక కుర్ర జంటని తీసుకొచ్చాడు. అబ్బాయి తండ్రి పొలమమ్మి డబ్బు చేతికిచ్చాడట, లోనుతో పని లేదట. ఆ పిల్ల గదులన్నీ తిరిగి చూసి, కిటికీ దగ్గర ఆగి, జానలతో గోడ కొలుచుకుంది. పిన్ని వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. ఈ డబ్బు చేతికొస్తే పాత వీధిలో ఏదో ఒకటి దొరక్కపోదు. ఆ ఆశ ఆవిడ మొహంలో బాబాయికి స్పష్టంగా కనపడింది.

"ఇక్కణ్ణుంచి ఎవ్వరూ ఖాళీ చెయ్యరటగా అంకుల్? అంటే చాలా మంచి ఇల్లన్నమాట" అంది ఆ పిల్ల నవ్వుతూ.

తన మాటే ఇంకొకరి నోట విన్నాడు బాబాయి. తలూపితే చాలు. ఊపలేకపోయాడు.

"లేదమ్మా. ఈ బిల్డింగులోంచి రోడ్డు వస్తుంది. అందుకే ఎవరూ వెళ్ళలేకపోతున్నారు. మీరు కొనకండి" అనేశాడు.

బ్రోకరు ఆయన్ని కాల్చేసేలా చూసి వాళ్ళ వెనకే మెట్లు దిగాడు. బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. తప్పు చెయ్యలేదన్న తృప్తి ఒక్క క్షణం కలిగింది, ఆ మాట దాచడమెందుకు. పిన్ని వచ్చి ఎదురుగా నిలబడింది.

"పాపం అనిపించిందా?"

"వాళ్ళ గొంతు ఎలా కొయ్యమంటావే?"

"కొయ్యమనలేదు. దారిన పోయేవాళ్ళు మునిగిపోతారని ఇవాళ నోరు తెరిచావు. మంచిదే. నన్ను ఇక్కడికి తెచ్చి పడేసే ముందు ఒక్క మనిషిని ఒక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదయ్యా. ఈ ఇంట్లో ఉన్నది నా కష్టం."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ అంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు.

నెల తిరక్కుండానే పిన్ని పాత వీధిలో తనొక్కదానికే ఒక గది అద్దెకి మాట్లాడుకుంది. మలుపు బిల్డింగులోనే, కింద, దుకాణం వెనక గది. "బుధవారం పదింటికి వ్యాను కావాలి" అని ఊరందరూ చెప్పినట్టే చెప్పింది. బాబాయి మిగతావాళ్ళనెవర్నీ పిలవకుండా తానొక్కడే కట్టాడు. మిషన్ని రెండు దుప్పట్లలో చుట్టాడు. మెట్ల మీద పదిహేను ఫ్లాట్లవాళ్ళూ నిలబడి చూశారు.

"ఎంతకి పోయిందండీ?" అని మాస్టారు ఆత్రంగా చెవిలో అడిగాడు.

"అమ్మలేదండీ" అన్నాడు బాబాయి. మాస్టారు ఇంకేదో అడగబోయి, పిన్ని వ్యానులో ఎక్కి కూర్చోవడం చూసి మానేశాడు.

కొత్త గదిలో మిషన్ కిటికీ దగ్గర పెట్టాడు. ఊగకుండా కాళ్ళ కింద అట్టముక్క సర్దాడు. మంచం, గిన్నెలు, ట్రంకుపెట్టె అన్నీ దించాడు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా దించాడు. పిన్ని వ్యానులోకి తొంగి చూసింది. మూల ఒక చిన్న అట్టపెట్టె మిగిలుంది, గట్టిగా తాడు కట్టి.

"అది దించలేదేం?"

"అది... నా బట్టలు" అన్నాడు బాబాయి, తాళ్ళు చుట్టుకుంటూ. "రెండు జతలే."

పిన్ని ఆ పెట్టెని కాసేపు చూసింది. తర్వాత వ్యాను తలుపు తనే మూసి, గొళ్ళెం పెట్టింది.

"త్వరగా బయల్దేరు. రెండో బస్సు వెళ్ళే దారిలో ట్రాఫిక్ ఎక్కువుంటుంది" అంది.