మగ్గం పాకకు శ్లాబు

ఇల్లు అమ్మేముందు పెరట్లో ఉన్న పాకను బాగుచేయిస్తే రేటు పెరుగుతుందా అని మా పక్క వాటాలో ఉండే ఆవిడ ఒకరోజు నన్ను అడిగింది. రెండువేల మూడో నాలుగో అయి ఉంటుంది. బెంజ్ సర్కిల్‌కు దగ్గర్లో అద్దెకుండేవాళ్లం అప్పుడు. ఆవిడ అత్తగారి ఇల్లు గుడివాడ దగ్గరుంది. అమ్మకానికి పెట్టారు. పెరట్లో పాత గొడ్లపాకకు గోడలు కట్టించి, రేకులు వేయించి, గదిలాగా చూపిద్దామని వాళ్ల ఆలోచన. మర్యాదగా అడిగిన మనిషికి మర్యాదగా చెప్పాలి. నేను మాత్రం "తగలబెట్టండి, అంతేగానీ బాగుచేయించకండి" అని మొహం మీదే అని తలుపేసుకున్నాను. ఆవిడ చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తప్పు ఆవిడది కాదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా సొంత ఇల్లు పామర్రు దాటి బందరు వైపు వెళ్లే దారిలో, నేతపనివాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లో ఉండేది. పెంకుటిల్లు. తాత దాన్ని ఇద్దరు కొడుకులకూ కలిపి రాసి పోయాడు. పెద్దవాడు మా నాన్న, చిన్నవాడు బాబాయ్. ఇద్దరికీ నేత నేర్పింది తాతే. పోగు తెగితే చేతికందిన కొయ్యతో వీపు మీద బాదేవాడట. ఆ దెబ్బలకే నాన్న మగ్గం వదిలేసి విజయవాడలో ఒక బట్టల కొట్టులో సేల్స్‌మన్‌గా చేరాడు. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. బాబాయ్ అవే దెబ్బలు తిని మగ్గాన్ని పట్టుకునే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. పెరట్లో ఓ మూల తాటాకు పాక, అందులో గుంట మగ్గం. నేలలో నడుం లోతు గొయ్యి ఉంటుంది. అంచు మీద కూర్చుని కాళ్లు గొయ్యిలోకి దించి, కాళ్లతో కింద తొక్కుతూ చేతులతో పైన నేస్తారు. పొద్దున్నే ఆ గొయ్యిలో దిగితే బాబాయ్ మళ్లీ అన్నానికే లేచేవాడు. ఆయనకు నూలు కండెలు చుట్టిపెట్టేది నేనే.

అన్నదమ్ములిద్దరూ నోటితో మొదలుపెట్టిన ఏ తగువునూ నోటితో ముగించలేదు. కూరలో ఉప్పు దగ్గర మొదలైనా కంచం గోడకు తగిలేది. అమ్మ ఆ మెతుకులు ఊడుస్తూ ఇద్దర్నీ కలిపి తిట్టేది. మర్నాడు ఒకే బీడీకట్ట పంచుకుని కాల్చేవాళ్లు. అందుకే ఇల్లు అమ్మేద్దామని నాన్న అన్న రోజు కూడా ఎప్పటిలాగే ఏవో నాలుగు గిన్నెలు సొట్టలు పడతాయి, అంతే అనుకున్నాను.

నాన్నకు విజయవాడలో సొంతంగా చిన్న కొట్టు పెట్టుకోవాలని కోరిక. బాబాయ్ అడిగింది ఒక్కటే, మరి నా మగ్గం ఎక్కడ పెడతావని.

"అక్కడే ఓ గది చూస్తాన్లేరా నీకు," అన్నాడు నాన్న.

"మూడో అంతస్తులో గొయ్యి తవ్వుతావా అన్నయ్యా? కింద వాటావాళ్ల నెత్తిన కాళ్లు పెట్టుకుని నెయ్యాలా నేను?"

ఇరుకున పడితే నాన్న గొంతు పెంచుతాడు. ఊళ్లోనే ఏదన్నా పాక అద్దెకు తీసుకుంటాలే, నువ్వు నేస్తూనే ఉందువుగాని, అని అరిచి మరీ మాటిచ్చాడు. బాబాయ్ నమ్మాడు. అది దొరికేదాకా మాత్రం తన గుంట జోలికి రావద్దన్నాడు.

అప్పుడు దిగాడు బ్రోకరు. పామర్రు మనిషి. స్కూటరు దిగుతూనే పెరడంతా కలియదిరిగి, పాక దగ్గర ఆగి పెదవి విరిచాడు. "ఈ తాటాకులు చూసి ఎవడు కొంటాడండీ? గుంట పూడ్చేసి, నాలుగు గోడలు లేపి, పైన శ్లాబు వేయించండి. పోర్షన్ అని చెప్పొచ్చు. కొనేవాడు అద్దెకిచ్చుకుంటాడు. మీరు పెట్టినదానికి రెట్టింపు రాకపోతే నన్నడగండి," అన్నాడు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. కొట్టు యజమాని దగ్గర జీతం మీద ముందుగా డబ్బు తీసుకుని ఇటుకలు, సిమెంటు, ఇనుము దింపించాడు. ఊళ్లో అప్పుడు వంటింటి గూటికి కూడా వాస్తు చూడనిదే సున్నం కొట్టేవాళ్లు కాదు. మా ఇంటి గుమ్మమే రెండుసార్లు జరిపారు. కానీ మగ్గం పాకకు ఎవరు చూస్తారు? అది పనిచేసే చోటు, ఇల్లు కాదు. నేతపనివాళ్ల ఇళ్లల్లో ఎవరికీ ఆ ఆలోచన రాదు. మాకూ రాలేదు.

బాబాయ్ నేసిన చీరలు షావుకారుకు అప్పగించడానికి బందరు వెళ్లిన రోజు చూసుకుని నాన్న కొట్టుకు సెలవు పెట్టాడు. మగ్గం మీద ఇంకా పడుగు పోగులు నిలువుగా బిగించే ఉన్నాయి. ఒక చీర సగంలో ఉంది. మా ఇళ్లల్లో సగం నేసిన గుడ్డను కోయరు. మనిషి పోయినా ఆ చీర ఇంకొకరు కూర్చుని పూర్తిచేశాకే మగ్గం దించుతారు. అది తెలిసిన నాన్నే కత్తెర తీసుకుని అడ్డంగా కోశాడు. పోగులు తెగి చివ్వున వెనక్కు ముడుచుకున్నాయి. నేను వద్దని చెయ్యి పట్టుకుంటే నన్ను నెట్టేశాడు. కూలీలు మగ్గం పెకలించి ఇంటి చూరు కింద పడేసి, గొయ్యిలో ఇటుక ముక్కలు, రాళ్లు నింపి దిమ్మెసతో కుమ్మారు. ఆ దెబ్బలకు వంటింట్లో గిన్నెలు అదిరాయి.

మధ్యాహ్నానికి బాబాయ్ వచ్చాడు. సైకిలు పడేసి పూడ్చిన గుంట వైపు చూశాడు. తర్వాత కోసిన చీర ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"కోశావా?" అన్నాడు.

"సాయంత్రం కూర్చుని మాట్లాడదాంరా," అన్నాడు నాన్న.

విప్పి పడేసిన మగ్గం కొయ్యల్లోంచి ఒకటి బాబాయ్ ఎత్తి నాన్న భుజం మీద కొట్టాడు. నాన్న ఇసక కుప్ప మీద పడ్డాడు. రెండో దెబ్బ చెవి పక్కన తగిలి రక్తం వచ్చింది. కూలీలు పారిపోయారు. నాన్న లేస్తూ శ్లాబు కోసం తెచ్చిన ఇనపచువ్వ అందుకున్నాడు. బాబాయ్ తల కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. నాన్న ఆగలేదు. అదే చేతి మీద మళ్లీ కొట్టాడు, బాబాయ్ కూలబడ్డాక నేల మీద ఉన్న వేళ్ల మీద కూడా కొట్టాడు. నేను వెళ్లి నాన్న ముంజేతిని పళ్లు దిగేదాకా కొరికాను. ఆయన చెయ్యి విదిలిస్తే గోడకు తగిలాను. అమ్మ పడుగుకు పెట్టడానికి చల్లార్చిన గంజి బానెడూ తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించి, "చావండి. ఇద్దరూ చావండి. నేనూ నా కూతురూ బతుకుతాం," అంది. అప్పుడు చువ్వ కింద పడింది.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఎముక అతికింది గానీ వేళ్లు ముడవడం రాలేదు. ఆస్పత్రికి వచ్చిన పోలీసులకు ఏం చెప్పావని నాన్న అడిగితే, మగ్గం చేతి మీద పడిందని చెప్పానన్నాడు బాబాయ్. ఆ తర్వాత నాన్నతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తింటూ నెలల తరబడి ఒక్క మాట లేదు. వెనకటిలా కంచాలు ఎగిరినా బాగుండుననిపించేది నాకు. నాన్నను చూస్తే అసహ్యం వేసేది. అయినా శ్లాబు ఆగలేదు. సున్నం కొట్టి, తలుపుకు నీలం రంగు వేయించి, బయట కుళాయి కూడా పెట్టించాడు.

కొనడానికి వచ్చినాయన కైకలూరు వైపు చేపల చెరువుల మనిషి. ఇల్లు నచ్చింది. కొత్త గది కూడా మెచ్చుకుంటాడని నాన్న తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు. ఆయన వెంట వచ్చిన వాస్తు సిద్ధాంతి దిక్సూచి చేతిలో పెట్టుకుని పెరట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"ఈశాన్యం మూల ఇంత బరువేంటండీ? పైగా ఇంటికంటే ఎత్తు. ఇంతకు ముందు ఇక్కడేం ఉండేది?"

"తాటాకు పాకండీ. మగ్గం గుంట ఉండేది," అన్నాడు నాన్న.

"గుంటే ఉండాలండీ ఇక్కడ. ఈ మూల పల్లంగా, తేలిగ్గా ఉండాలి. చక్కగా కుదిరినదాన్ని చేతులారా పాడుచేసుకున్నారే."

బాబాయ్ వసారాలో కట్టు విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆ మాట విన్నాడు. కొనేవాళ్లు రేటు బాగా తగ్గించారు. రిజిస్ట్రేషన్‌కు ముందే గది కూలగొట్టాలని, ఆ చోట నీళ్ల సంపుకు గొయ్యి తవ్వి ఇవ్వాలని షరతు పెట్టారు. బ్రోకరు స్కూటరు స్టార్టు చేసుకుంటుంటే నేను ఇటుకముక్క విసిరాను. వెనక లైటు పగిలింది. అది నా జీవితంలో తగిలిన ఒకే ఒక్క గురి.

కూలగొట్టడానికి నాన్న కూలీలను పిలవలేదు. సమ్మెట తనే ఎత్తాడు. కొత్త శ్లాబు ఒక పట్టాన పగల్లేదు. సమ్మెట ఎగిరి మొహం మీదికి వచ్చేది. పెచ్చులు లేచి కనుబొమ్మ చిట్లింది. అరచేతులు చీలి సమ్మెట కర్ర ఎర్రబడింది. నాకు సంతోషం వేసింది, అబద్ధం చెప్పను. ఇంకా గట్టిగా తగలాలనుకున్నాను. గోడలు పడ్డాక నాన్న గునపంతో ఆ రాళ్లన్నీ పెకలించి, తను పూడ్చిన గుంటనే మళ్లీ తవ్వాడు. నడుం లోతు రాగానే అందులోనే కూలబడి తలను గోతి అంచుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ వెళ్లి జుట్టు పట్టి ఆపింది. బాబాయ్ వసారాలోంచి కదల్లేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నాన్న పెట్టాడు. గుమస్తా పెన్ను బాబాయ్ వైపు జరిపాడు. బాబాయ్ దాన్ని తీసుకోకుండా ఎడమచెయ్యి చాపాడు.

"చదువు రాదాండీ?" అన్నాడు గుమస్తా.

"వచ్చండి. పెన్ను పట్టుకోలేను. చేతి మీద మగ్గం పడింది."

"మగ్గం పడలేదండీ," అన్నాడు నాన్న. ఆఫీసులో ఉన్నవాళ్లంతా వినేంత గట్టిగానే అన్నాడు. "నేను కొట్టాను. కిందపడిపోయాక కూడా కొట్టాను."

గుమస్తా తలెత్తి ఇద్దర్నీ చూసి, ఇక్కడ అవన్నీ ఎందుకండీ అని సిరా డబ్బీ ముందుకు తోశాడు. నాన్న ఏడుస్తూ బాబాయ్ బొటనవేలు పట్టుకుని డబ్బీ దగ్గరికి తేబోయాడు.

"వదులు అన్నయ్యా. ఈ చెయ్యన్నా ఉండనీ," అన్నాడు బాబాయ్. వేలు తనే సిరాలో ముంచి కాగితం మీద నొక్కాడు.