గురి తప్పిన తువ్వాల

ఆత్మకూరు బస్టాండులో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టడంలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో లేడు. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే దుమ్ములో దాని పక్కన పరుగెత్తుతూ విసిరితే, డ్రైవరు వెనక సీటు అనుకుంటే డ్రైవరు వెనక సీట్లోనే పడేది. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా నా గురి సంగతి తెలియని కండక్టరు లేడంటే మీరు నమ్మాలి.

నిన్న నా భార్య సంవత్సరికం ముగిశాక, ఆమె చెల్లెలిని, అంటే మా మరదలిని, గద్వాల బస్సు ఎక్కించడానికి అదే బస్టాండుకు పోయి, అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాల తీసి విసిరాను. ఇప్పటి బస్సులకు అద్దాలు బిగించి ఉంటాయన్న సంగతి మరిచాను. అది అద్దానికి తగిలి జారి నా కాళ్ల దగ్గరే పడింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు సిగ్గు వేయలేదు, నవ్వూ రాలేదు. ఏడాదిగా ఇంతే. కరెంటు కొట్టిన చెయ్యి కాసేపు మనది కానట్టు వేలాడుతుంది చూడండి, మనిషినంతా అట్లా ఉన్నాను. ఆమె పోయిన రోజు కూడా కన్ను తడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లకు మమ్మల్ని కలిపిన తువ్వాల కథ మాత్రం చెబుతూ వచ్చాను, ఆమె గురించి నోటికి వచ్చేది అదొక్కటే కాబట్టి.

నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా, తువ్వాల ఎక్కడ పడితే అది వాడి సీటు. పరాయివాడి తువ్వాల ముట్టుకోవడమంటే పొలం గట్టు జరిపినంత తప్పు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు మోటర్లు వైండింగు చేసే దుకాణం ఉండేది. బోర్లు ఎండి, వోల్టేజీ చాలక మోటర్లు వరసగా కాలిపోతుండేవి, రాగితీగ కొనడానికి వారంవారం వనపర్తికి పోయేవాణ్ణి. చుట్ల లెక్క తప్పితే చేసిన పనంతా దండగ, అందుకని దుకాణంలోకి ఎవరొచ్చినా తల ఎత్తకుండానే మాట్లాడేవాణ్ణి. నలభై దగ్గరపడ్డా పెళ్లి కాకపోవడానికి ఆ అలవాటే కారణమని మా అమ్మ తిట్టేది.

నా భార్యను మొదటిసారి బస్సు కిటికీలోంచి చూసి, ఆమె పక్క సీటుకే గురిపెట్టి విసిరానని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. నేను ఎవరినీ చూడలేదు. అసలు నా తువ్వాల సగంసార్లు ఇంజను మీదనో, ఎవరి నెత్తిమీదనో పడేది. ఆ రోజు డ్రైవరు వెనక సీటుకు వేసి, లోపలికి పోయి చూస్తే అక్కడ ఎవరో కూర్చున్నారు. నా తువ్వాల నడిమి వరసలో, ఆడవాళ్ల సీట్లో, ఒకామె పక్కన తీరుగా పరిచి ఉంది. కాలు పెట్టే సందు లేని బస్సులో ఆ ఒక్క సీటు ఖాళీ! నేను వెనకాముందాడుతుంటే ఆమే అన్నది: “తువ్వాల మీదే గదా, కూసోండ్రి. బస్సు కదిలితే నా మీద పడతరు.”

కొసకు కూర్చున్నాను. వెనక ఎవరో పిల్ల వనపర్తి దాకా గొణుగుతూ నిలబడింది, నేను తల తిప్పలేదు. దిగేటప్పుడు ఆమె తువ్వాల మడిచి చేతికిచ్చింది. ఆ ఎండాకాలం పోకముందే మా అమ్మ పెళ్లి మాట్లాడటానికి వాళ్లింటికి పోయింది.

గాలికి గురి తప్పి ఆమె పక్కన పడిందని, అదే అదృష్టమని ఇన్నేళ్లూ మురిసిపోయాను. ఆమె పోయాక అదే లోపల మొద్దులా కూర్చుంది. గాలి కొంచెం అటు వీస్తే ఆమె వేరే ఎవరితోనో బతికేది. నన్ను కావాలని ఎంచుకున్నదేమీ లేదు, పక్కన వచ్చి పడ్డాను, భరించింది. ఈ కాలం మేలు, ఫోన్లోనే సీటు ఖాయం, గాలికి పనే లేదు. ఈ మాటే నిన్న బస్టాండులో మా మరదలితో అన్నాను. ఆమె తువ్వాల దుమ్ము దులిపి నా భుజం మీద వేసింది.

“ఊకె గాలి గాలి అంటవేంది బావా? నీ తువ్వాల డ్రైవర్ ఎనక సీట్లనే పడ్డది. అక్కనే లేసిపోయి తీస్కొచ్చి పక్కన పరిసింది. అక్క పక్కన కూసున్నది నేను. నన్ను లేపి ఎనకకు తోలింది, వనపర్తి దాక నిలవడ్డ.”

ఇన్నేళ్లు చెప్పలేదేమని అడిగాను.

“అక్క చెప్పనిస్తెనా? మంచిగ చెప్పుకుంటుండు, చెప్పుకోనియ్ అనేది. అంతకుముందు మా మోటరు కాలినప్పుడు నీ దుకాణంల పొద్దుమూకెదాక కూసున్నది, తల లేపి సూస్తివా?” బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది. “ఆ దినం నీ గురి మంచిగనే ఉండె బావా. నీకు సూపే లేకుండె.”