పావురాల కొట్టంలో ఫెమ్కె ఫొటోలు

మా వీధి బేకరీ పై వాటాలో ఉండే ఫెమ్కెను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. నడక రాకముందే బేకరీ కిటికీ అంచు పట్టుకుని కాలివేళ్ళమీద నిలబడేది. రొట్టెల కోసమనుకున్నాం. కాదు, ఆ పిల్లకి అలా నిలబడటమే ఇష్టం. తండ్రి సరుకు పడవ నడుపుతాడు, వారంలో సగం రోజులు నీళ్ళమీదే. తల్లికి ఆసుపత్రి వంటగదిలో పని. అలాంటి ఇంటి పిల్ల బాలే నృత్యం నేర్చి పెద్ద వేదికలెక్కుతుంటే వీధి వీధంతా మా పిల్లే అని చెప్పుకున్నాం. నిరుడు ఒక గెంతు గెంతి దిగేటప్పుడు ఎడమ చీలమండ విరిగింది. కట్టు విప్పారు, డాక్టరు బాగైందన్నాడు, మళ్ళీ తరగతులకు వెళ్తోంది. బేకరీ మెట్లు దిగేటప్పుడు మాత్రం కమ్మీ వదిలేది కాదు. పోనీలే, జాగ్రత్త నేర్చిందనుకున్నాం.

మొన్న మే నెలలో ఆంట్వెర్ప్‌లో ఒక నృత్య బృందం కొత్తవాళ్ళ కోసం చూస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టింది. వాళ్ళకు ఫొటోలు కావాలట. స్టూడియోలో తీసినవి కొన్ని, ఆరుబయట కొన్ని. అందులో ఒకటి తప్పకుండా గాలిలో ఉన్నప్పటిది. సోమవారంకల్లా పంపాలి.

ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే ఫొటోగ్రాఫర్లు ఉండగా ఆ పిల్ల వెళ్ళి వెళ్ళి మా పక్కింటి రెమీని అడిగింది. రెమీ తీసేది పందెం పావురాల ఫొటోలు. మా వైపు పావురం అమ్మాలంటే ముందు దాని ఫొటో ఉండాలి: పక్కకి నిలబడింది ఒకటి, రెక్క విప్పింది ఒకటి, కన్ను ఒకటి. మనిషిని రెమీ ఎప్పుడైనా తీశాడేమోగాని నేను చూడలేదు. ఈ పిల్ల అతన్నే ఎందుకడిగిందో తెలిస్తే తప్ప నాకు కాఫీ సహించేలా లేదు. శనివారం పొద్దున ఓ పళ్ళెం నిండా పాన్‌కేకులు పోసుకుని ఫొటోలు తీసే రెమీ పావురాల కొట్టానికి పిలవకుండానే వెళ్ళాను.

రెమీ తెల్లగుడ్డ చుట్టిన అట్ట ఒకటి చేతికిచ్చి, కిటికీ వెలుగు పిల్ల ముఖంమీదికి తిప్పమన్నాడు. కొట్టం ఊడ్చి, వెనక బూడిదరంగు తెర కట్టాడుగాని మూలల్లో ఈకలు అలాగే ఉన్నాయి. ఫెమ్కెను పక్కకి తిప్పి, రొమ్ము విరిచి, మెడ ఎత్తి నిలబెట్టాడు. తీసింది చూసి ఆ పిల్లకి నవ్వాగలేదు.

"నన్ను వేలం వేస్తావా ఏంటి బాబాయ్?"

"వేస్తే మంచి ధరే పలుకుతావు. కదలకు."

మధ్యాహ్నందాకా వాళ్ళకదే గొడవ. కన్ను మెరిసిన ఫొటో రెమీకి ముద్దు, మోకాలు పూర్తిగా చాచిన ఫొటో ఆమెకు ముద్దు. కన్ను ఎవరూ చూడరు, పాదం చూస్తారని ఆమె, పాదం చూసి మనిషిని ఎలా పోలుస్తారని అతను. ఎట్టకేలకు ఇద్దరికీ నచ్చినవి కొన్ని కుదిరాయి.

అట్ట పట్టుకున్నదాన్ని, నాకు చూడటం తప్ప పనేముంది? అన్నిట్లోనూ ఆ పిల్ల కుడికాలిమీదే నిలబడింది. పాన్‌కేకు తింటుండగా ఎడమకాలి సంగతి అడిగేశాను. ఫెమ్కె నమలడం ఆపింది.

"ఆ కాలిమీద గెంతి ఏడాదైంది లీవత్తా. తరగతిలో గెంతులొస్తే వెనక్కి జరుగుతాను. డాక్టరు వద్దన్నాడేమోనని టీచరు ఊరుకుంటుంది, గెంతుతున్నానని డాక్టరు అనుకుంటాడు. బాబాయికి నాట్యం తెలీదు కదా, కనిపెట్టడనుకున్నా. నువ్వొస్తావని అనుకోలేదు."

రెమీ కెమెరా తుడిచి సంచీలో పెట్టాడు.

సాయంత్రం నది పక్కన ఆవులు మేసే పచ్చికకు వెళ్ళాం. చెక్కవంతెన మీద, విల్లో చెట్టు కింద ఫొటోలు చకచకా అయిపోయాయి. మిగిలింది గెంతు. ఫెమ్కె పరిగెత్తుకొచ్చింది, ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. జానెడెత్తు చాల్లే అని నేను ధైర్యం చెప్పబోయేసరికి ఇంకా బిగుసుకుపోయింది. చివరికి గడ్డిలో కూలబడి, పరకలు పీకుతూ, పంపను, వదిలేద్దామంది.

రెమీ కెమెరాను ముక్కాలి స్టాండుకు బిగించి, మీట ఉన్న తీగను చేతిలోకి తీసుకున్నాడు.

"దెబ్బ మానిన పావురాన్ని నేనెప్పుడూ చేత్తో ఎగరెయ్యను. బుట్ట మూత తీసి, వీపు తిప్పి నిలబడతాను. మనం చూస్తున్నంతసేపూ అది అంచుమీదే కూర్చుంటుంది. నువ్వు ఊఁ అను, నేను నొక్కుతాను. మేం చూడం." తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు కూడా, లీవా."

"నేనేం చేశాను?"

"నువ్వు చూస్తే ఊరంతా చూసినట్టే."

తిరిగాను. నా బతుకులో అంత కష్టమైన పని చెయ్యలేదు. ఎదురుగా కంచె, వెనక దిగిపోతున్న సూర్యుడు, ముందు గడ్డిమీద పొడుగ్గా మా ఇద్దరి నీడలు. ఎక్కడో ఆవు దగ్గింది. అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. రెమీ కదల్లేదు. మళ్ళీ అడుగులు. ఈసారి ఆగలేదు.

"ఊఁ!"

కెమెరా టకటకలాడింది. మా నీడల పక్కనుంచి ఇంకో నీడ, రెండు చేతులూ చాచుకుని, మా తలల్ని దాటి ముందుకు సాగి వెనక్కి పోయింది. గడ్డిమీద దబ్బుమని చప్పుడు. నేను రెమీ చొక్కా చెయ్యి పట్టుకుని, అమ్మా అన్న కేక కోసం చెవులు రిక్కించాను. వచ్చింది నవ్వు. ఆ వెంటనే మళ్ళీ పరుగు, మళ్ళీ ఊఁ, మళ్ళీ దబ్బు. కెమెరా బ్యాటరీ అయిపోయేదాకా వదల్లేదు ఆ పిల్ల.

తిరిగి చూస్తే గడ్డిలో కూర్చుని చీలమండ తడుముకుంటోంది.

"నొప్పి లేదత్తా. అసలు లేదు."

నేనూ తడిగడ్డిలోనే చతికిలబడ్డాను. లంగా పాడైతే పాడైంది. రెమీ అటు తిరిగి గట్టిగా ముక్కు చీదుకున్నాడు, పుప్పొడి పడదట.

ఫొటోల్లో సగానికి తల లేదు, కొన్నింటిలో జుట్టు మాత్రమే ఉంది. ఒక్కటి నిండుగా వచ్చింది: మనిషి మొత్తం గాలిలో, వేళ్ళు చివరిదాకా చాచి, ఒంటి అంచంతా ఎండ. ముఖం కొంచెం చీకటైనా ఫెమ్కె అదే పంపింది. కన్ను కనబడలేదని రెమీ ఇప్పటికీ సణుగుతాడు.

ఆంట్వెర్ప్ నుంచి పిలుపొచ్చిందా అని వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు. ఇంకా రాలేదు. నాకు మాత్రం బెంగ తీరిపోయింది. ఇవాళ పొద్దున రొట్టె కోసం వెళ్తే ఫెమ్కె మెట్లు దిగుతోంది. కమ్మీ పట్టుకోలేదు. చివరి మూడు మెట్లూ వదిలేసి గెంతి, నా ముందు ఎడమకాలిమీద దిగింది.