పేరు లేని గోళీ

నా భార్య పోయిన నెల చనిపోయింది. నెమ్ము తగ్గిందని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న పదకొండో రోజు. పరామర్శకు వచ్చినవాళ్లు రాత అన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఆమె హుస్సేనీ ఆలంలో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టు. గోళీల పట్టీని కత్తిరిస్తే పేరు, గడువు ఒక ముక్క మీదే మిగులుతాయి. రెండో ముక్కను ఆమె అలాగే ఇచ్చేది కాదు; చిన్న కవరులో పెట్టి ఆ రెండూ చేత్తో రాసేది. “పేరు లేని గోళీ నోట్లెయ్యొద్దు” అనేది. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ల గోళీల వేళలు డాక్టర్లకు ఫోన్ చేసి అడిగి రాసిచ్చేది. ఏది ఎప్పుడు వేసుకోవాలో రోగి తిరిగి చెప్పేదాకా కదలనిచ్చేది కాదు.

కిషన్‌బాగ్ నుంచి వచ్చే ఒక ముసలమ్మ విసుక్కునేది. “ఏందమ్మా, గోళీలకొస్తే పరీక్ష పెడ్తవ్?”

“పాసైతెనే ఇస్త. చెప్పు, తెల్లది ఎప్పుడు?”

ముసలమ్మ నవ్వుతూ అప్పజెప్పేది.

అలాంటి మనిషికి, ఇంటికి పంపిన రోజు ఆస్పత్రి మందుల కిటికీలో దక్కింది అర నిమిషం. అక్కడి మనిషి సంచి నా వైపు తోశాడు. ఏది ఎప్పుడని అడిగితే, “పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చిట్టీల రాసున్నది అంకుల్” అని వెనకాయన్ని పిలిచాడు. సంచిలో కత్తిరించిన ముక్కలు. కొన్నిటి మీద పేరే లేదు. చిట్టీలో రాత అర్థం కాలేదు. నేను కంచన్‌బాగ్‌లో ముప్పై ఏళ్లు ఒక కర్మాగారంలో లోహం తనిఖీ చేసినవాణ్ణి. ముద్ర లేని కడ్డీని ఎన్నడూ దాటనివ్వలేదు. ఆ సంచి మాత్రం పట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో పాత బీపీ గోళీతో పాటు కొత్తవీ ఇచ్చాను. మూడో రోజు ఆమె ఒక ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది.

“దీని పేరేది?”

“పెద్ద దవాఖానల ఇచ్చిన్రు, ఏసుకో” అన్నాను.

వేసుకుంది. కాసేపటికి కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు వచ్చి బీపీ బాగా పడిపోయిందన్నాడు. ఆమె మళ్లీ మంచం దిగలేదు.

తర్వాత ఆమె దుకాణం యజమాని ఆస్పత్రి బిల్లు చూసి, పాత బీపీ గోళీ, ఆ పేరు లేనిదీ ఒకటే మందని, కంపెనీలు పెట్టిన పేర్లే వేరని చెప్పాడు. ముక్క మీద పేరుంటే ఆమె ఒక్క చూపులో పట్టేసేది. ఆస్పత్రిలో నిలదీస్తే గుండె ముందే బలహీనమన్నారు. కావచ్చు. ‘దీని పేరేది’ అన్న ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది గుండె కాదు.

మీరు ఆ కిటికీ ముందు నిలబడినప్పుడు కదలకండి. అడగండి. వెనకవాళ్లు లొల్లి చేస్తే చేయనివ్వండి.

ఆమె పాత బీపీ గోళీల పట్టీ ఇంకా బిస్కెట్ డబ్బాలో ఉంది. పేరు లేని వైపు నుంచే ఒక్కొక్కటీ వాడుతూ వచ్చింది. చివర్లో నేనూ అలాగే తీశాను. ఒక్క గోళీ మిగిలింది. పక్కనే పేరు, చెక్కుచెదరకుండా. గడువు వచ్చే ఏడాది దాకా ఉంది.