పటేల్ ఇంటి వెనక అమ్మ ప్రార్థన

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. మా పాస్టరు గారు దయ్యాలు వెళ్లగొట్టే కూటాలు పెడితే వాటికీ వెళ్లలేదు. చనిపోయినవాళ్లు తిరిగి రారు, అంతే. అందుకే ఇది రాయాల్సి రావడం నాకే కోపంగా ఉంది.

మాది రాష్ట్ర సరిహద్దు అవతల, భేజ్జి దగ్గర ఊరు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. కాస్త వరి పొలం, ఎండాకాలం ఇప్పపూలు ఏరుకోవడం. అమ్మ ఊరికి మంత్రసాని. ఊళ్లో బాప్తిస్మం తీసుకున్న ఇల్లు మాదొక్కటే.

అమ్మ ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. తెల్లవారగానే వాకిలి ఊడ్చి, గోనెపట్టా మీద మోకరించి, కొంగు తల మీదికి లాక్కుని, ఊళ్లో ఒక్కో ఇంటివాళ్ల పేర్లు వరసగా చెప్పేది. పక్కన కూర్చున్న నాకు మాత్రమే వినపడేంత మెల్లగా చెప్పేది. మమ్మల్ని బోరింగు దగ్గరికి రానివ్వని సోమయ్య పటేల్ పేరూ అందులో ఉండేది. వాడికెందుకమ్మా అని ఎన్నిసార్లు పోట్లాడానో.

"మనల్ని మంచిగ జూసేటోళ్ల కోసమే అడిగితే దాన్ని ప్రార్థన అంటరా బిడ్డా?" అనేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పోయిన వానాకాలం అమ్మ జ్వరంతో చనిపోయింది. మా పొలంలోనే పాతిపెట్టుకుంటానంటే పటేల్ మనుషుల్ని వేసుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. మతం మారినవాళ్ల శవం ఊరి మట్టిలో పెడితే దేవతకు కోపం వస్తుందట. అమ్మ చేతులు ఎన్ని పురుళ్లు పోశాయో వాళ్లలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పిలిస్తే వచ్చిన ఆఫీసరు సమ్‌ఝౌతా చేసుకోండి, రాజీ పడండి అని చెప్పి జీపెక్కాడు. వానలో ట్రాక్టరు మీద అమ్మను కోంటాకు తీసుకెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్ల సమాధుల మధ్య పెట్టి వచ్చాను. ఆ రోజు నుంచి నేను మోకరించలేదు.

మూడు వారాల తర్వాత, పట్టపగలు, పటేల్ మా వాకిట్లోకి వచ్చాడు. మేం మతం మారాక అతను మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మనిషి సగమయ్యాడు. క్షమాపణ అడుగుతాడేమో అనుకున్నాను.

"మీ అమ్మకు జెప్పే, ఇగ ఆపమను," అన్నాడు. "రోజూ పొద్దుగాల్నే మా ఇంటెనక నిలబడి మా పేర్లు జెప్తాంది. పోయి జూస్తే ఎవలుండరు."

"ఊర్ల పాతిపెట్టనియ్యకపోతివి గద మామా! ఇప్పుడు యాడికి పోయి జెప్పాలె?" అని అరిచాను.

అతను తిరిగి అరవలేదు. "నా పేరు, నా భార్య పేరు, కొడుకుల పేర్లు జెప్పినంక చుక్కమ్మ అంటది. చుక్కమ్మ ఎవలే? మా ఇంట్ల ఆ పేరుగల్లోళ్లు లేరు."

ఆ పేరు నాకు తెలుసు. చాలా ఏళ్ల క్రితం పటేల్‌కు ఒక ఆడపిల్ల పుట్టి ఆ పూటే పోయింది. పేరు పెట్టకముందే పాతేశారు. పేరు లేకుండా దేవుణ్ణి ఎలా అడగాలని, అమ్మే ఆ బిడ్డకు చుక్కమ్మ అని పెట్టుకుంది. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తోందని పాస్టరు గారికి తెలిస్తే కోప్పడతారని, ఆ పేరు మేమిద్దరం ఎక్కడా ఎత్తలేదు.

అంతా చెప్పాను. పటేల్ అక్కడే మట్టిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నా పేరు కూడా చెబుతుందా అని మాత్రం అడిగాను.

"జెప్తది. అందరి పేర్లయినంక, ఆఖర్న."

అతని భార్య కూడా విన్నానంటోంది. అబద్ధమందామంటే, ఆ బిడ్డ పేరు వాళ్లకెలా తెలిసింది? ఇప్పుడు రోజూ తెల్లవారకముందే లేచి చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను. కోడికూత తప్ప ఏమీ వినపడదు. తనను ఊరి మట్టిలో ఉండనివ్వని వాడి ఇంటి వెనక నిలబడి నా పేరు చెబుతుందట మా అమ్మ. నా దగ్గరికి మాత్రం ఒక్కరోజూ రాలేదు.