పదిహేడు దగ్గర ఆగిన రైతు

ఆసూ ఆరూ చేతిలో పెట్టుకుని ఆ రైతు “చాలు” అన్నాడు. పంచేవాడి ముందు ఇస్పేటు పది కనబడుతూనే ఉంది. అతను మూసి ఉంచిన రెండో ముక్కను తిప్పాడు. ఎనిమిది. పదిహేడు మీద పద్దెనిమిది గెలిచింది. రైతుకు మిగిలిన ఒక్క ఎద్దూ పోయింది.

పంచేవాడు అంతటితో ఊరుకోలేదు. కట్టలో పై ముక్క తీసి రైతు ఒళ్లో పడేశాడు. మూడు.

“చూడప్పా, నీకోసరమే కూసోని ఉండాది. అడిగింటే ఇరవై అయిపోతాండె.”

కొట్టంలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

పత్తికొండ దగ్గర ఒక వేరుశెనగ మిల్లు కొట్టం అది. పందొమ్మిదివందల యాభైలలో కర్నూలు నుంచి పత్రికకు వార్తలు పంపే పని నాది. కరువు తరువాత తొలి వాన పడిందంటే రాయడానికి వెళ్లాను. నేనెక్కిన లారీ బురదలో కదలక అక్కడ కూర్చున్నాను.

ఆట పేరు ఇరవై ఒకటి. పంచేవాడు పటాలంలో నేర్చుకుని ఊరికి తెచ్చాడు. ముక్కల విలువ కలుపుకుంటూ ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటితే ఓటమి. బొమ్మ ముక్కలు పది. పంచేవాడు పదిహేడు వచ్చేదాకా ముక్క తీయాల్సిందే, వచ్చాక ఆగాల్సిందే. ఆసును మాత్రం పదకొండు అనుకోవచ్చు, ఒకటీ అనుకోవచ్చు.

అందుకే ఆసూ ఆరూ వచ్చినవాడు ఆగకూడదు. ఏ ముక్క వచ్చినా అతను ఇరవై ఒకటి దాటడు. పది వస్తే ఆసు ఒకటైపోయి మళ్లీ పదిహేడే. నాలుగు దాకా ఏది వచ్చినా మెరుగు. మధ్య ముక్క వచ్చి లెక్క తగ్గినా ఇంకోటి అడగవచ్చు. పదిహేడు దగ్గర ఆగితే మాత్రం పంచేవాడు హద్దు దాటి చెడితే తప్ప గెలుపు లేదు. ఆసూ ఏడూ వచ్చి పద్దెనిమిది అయినా, ఎదుట తొమ్మిదో పదో కనబడితే ఇంకో ముక్క అడగడమే మేలు.

ఆ కొట్టంలో అలా ఆడేవాళ్లు లేరు. అక్కడ ఆసు అంటే పెద్ద రైతు. పదకొండుగా ఉన్నదాన్ని ఒకటి చేయడాన్ని ‘ఆసును కూలికి పంపడం’ అనేవారు. పంపినవాణ్ణి ఆ పూటంతా ఆడిపోసుకునేవారు. పంచేవాడు తన వంతులో ఎన్నిసార్లు పంపినా ఎవరూ నవ్వేవారు కాదు. అతనిది రూలు కదా అనేవారు.

పంచేవాడిదీ సేద్యమే. రైతుకూ అతనికీ కరువులో జతలో ఒక్కో ఎద్దు చచ్చింది. మామూలుగా ఒంటెద్దు రైతులు పొత్తు కలుస్తారు. ఈ ఇద్దరికీ ఎవరి చేను ముందు విత్తాలన్న దగ్గర తగువు వచ్చింది. తడి పదును నాలుగు రోజులు కూడా నిలవని నేల. “ఆడి గెలిచినోనికి జత” అన్నాడు పంచేవాడు. రైతు ఒప్పుకున్నాడు.

ముక్కలు చూసుకున్నాక రైతు చేయి కట్ట వైపు కొంచెం సాగింది. నేను చూశాను. పంచేవాడూ చూశాడు.

“ఏమప్పా, ఆసును కూలికి పంపుతాండావా? నీకు అలవాటే లే. మొన్న రోడ్డు పనిలో తట్ట మోస్తివి గదా, ఆలుమగలు ఇద్దరూ.”

“ఆసుకూ ఒక తట్ట ఇప్పీండి!” అని వెనక నుంచి ఇంకొకడు అరిచాడు.

కరువు పనిలో కంకర మోసిన రైతు చేయి వెనక్కి తీసుకున్నాడు. అతను “చాలు” అన్నది అప్పుడే.

ఎద్దును రైతే తోలుకొచ్చి కొట్టం ముందు కట్టేశాడు. వెనకే అతని భార్య వచ్చింది.

“అన్నా, నీ చేను విత్తినాకనే, ఒక్క దినం జత ఇయ్యన్నా. ఇత్తనం గింజలు గుడిసెలో నానిపోతాండాయి.”

“ఓడినోళ్లకు జత యాడిదమ్మా? నీ మొగుడు ఉండాడు గదా. ఒకపక్క ఆయప్పను కట్టు, ఒకపక్క నువ్వు నిలబడు.”

మళ్లీ నవ్వులు. ఎద్దు అప్పుడే పేడ వేసింది. “అది మాత్రం నీదే, ఎత్తుకో” అన్నాడు పంచేవాడు. ఆమె ఎత్తుకోలేదు. ఎద్దు గంగడోలు ఒకసారి నిమిరి వెళ్లిపోయింది.

ఆ పదునులో రైతు చేనులో విత్తనం పడలేదు. మళ్లీ నేను ఆ దారిన పోయినప్పుడు రైతు ఊళ్లో లేడు. ఆలూరు వైపు కూలికి పోయాడని కొందరు, బళ్లారి దాటాడని కొందరు చెప్పారు. భార్య గుడిసె ముందు కూర్చుని ఉంది. ఎక్కడ ఉన్నాడని అడిగితే తనకూ తెలియదంది.